తెలుగు బైబిలు – సాహిత్య పఠనం

బైబిలును కవిత్వంగా, కథగా ఆస్వాదించే అలవాటు తెలుగులో అచ్చుపుస్తకం కంటే ముందే కావ్యంతో మొదలైంది. 18వ శతాబ్దంలో ఫ్రెంచి జెస్యూట్ల కర్ణాటక మిషన్ పుంగనూరు, చిక్కబళ్లాపురం, అనంతపురం సీమలోని కృష్ణపురం కేంద్రాలుగా సాగింది.   ఆ మిషన్‌కు భాషల మీద గొప్ప శ్రద్ధ: అందులోని కేర్దూ 1767లో సంస్కృతానికి గ్రీకు, లాటిన్‌లతో ఉన్న బంధుత్వాన్ని పారిస్ పండితులకు వివరించాడు. ఆ శతాబ్దంలోనే మంగళగిరి ఆనందకవి ‘వేదాంత రసాయనం’లో క్రీస్తు చరిత్రను పద్యకావ్యంగా మలిచాడు. మద్రాసులో బెంజమిన్ షుల్జ్ 1732 నాటికి ముగించిన గద్యానువాదం మాత్రం అచ్చుకు నోచుకోలేదు. విశాఖపట్నంలో దే గ్రాంజ్, ఆనందరాయర్ కలిసి చేసిన మూడు సువార్తలు 1812లో శ్రీరాంపూరులో అచ్చయ్యాయి. ఆపై పురుషోత్తమ చౌదరి (1803–1890) కీర్తనలు వచ్చాయి. జాషువా ‘క్రీస్తు చరిత్ర’ 1964లో సాహిత్య అకాడమీ పురస్కారం పొందింది.

ఈ కావ్యాలు, కీర్తనలు ఎంత రమ్యమైనవైనా, బైబిలు కథకు తెలుగు ఛందస్సు తొడిగాయే గాని దాని సొంత నడకను వినిపించలేదు. ఆ నడక గద్యంలోనే దొరుకుతుంది. హెబ్రీ కవిత్వానికి ప్రాణం భావాల జంట అని రాబర్ట్ లౌత్ 1753లో నిరూపించాడు. బైబిలులోని 19వ కీర్తన మొదటి వచనంలో ఆకాశం దేవుని మహిమను చాటితే, రెండో సగం అదే భావాన్ని ఆయన చేతిపనిగా మళ్లీ చెబుతుంది. అనువాద గద్యం మరీ బిగువుగా ఉంటుందనే ఆక్షేపణ నిజమే. అయితే ఆ లోపం పదాల ఎంపికలోది; జంటనడక మాత్రం తెలుగులోనూ, 1831లో పూర్తిగా అచ్చయిన కన్నడ బైబిలులోనూ చెక్కుచెదరలేదు. పోయినదీ ఉంది: 119వ కీర్తనలోని 22 భాగాల హెబ్రీ అక్షరక్రమానికి తెలుగులో ఆలెఫ్, బేత్ అనే శీర్షికలే మిగిలాయి.

సాహిత్యంగా చదివితే పవిత్రత పలచబడుతుందని విశ్వాసుల శంక. గ్రంథమే దీనికి జవాబిస్తుంది. నాతాను ప్రవక్త దావీదును నేరుగా నిందించలేదు. పేదవాడి ఒక్కగానొక్క గొర్రెపిల్లను లాక్కున్న ధనవంతుడి కథ చెప్పాడు. రాజు కథలో లీనమై కోపంతో శిక్ష ప్రకటించాకే ఆ ధనవంతుడు తానేనని తెలుసుకున్నాడు. కథ కథగా పండకపోతే మందలింపు తగిలేదే కాదు. లూకా 15లో తప్పిపోయిన కుమారుడి ఉపమానమూ అంతే. తిరిగొచ్చిన తమ్ముడి కోసం విందు సాగుతుండగా పెద్దకొడుకు అలిగి బయటే నిలబడతాడు, తండ్రి బతిమాలుతాడు. లోపలికి వెళ్లాడో లేదో లూకా చెప్పడు. యేసు పాపులతో కలిసి భోంచేస్తున్నాడని సణిగిన పరిసయ్యులకే ఆయన ఆ ఉపమానం చెప్పారు కాబట్టి, ముగింపు వాళ్లే ఇవ్వాలి.