చౌటపల్లి గొంతు, హారన్ మైకు, పది బై పన్నెండు గది

గుడివాడ, బందరు, అవనిగడ్డల నుంచి వచ్చి హైదరాబాదులోనో బెంగుళూరులోనో ఉద్యోగాల్లో కుదురుకున్న మనవాళ్ళలో ఒక సరదా బాగా పెరిగింది. ముందు ఒక డీజే కంట్రోలర్ కొంటారు, తర్వాత ఆడియో ఇంటర్‌ఫేసు. ఆ తర్వాత అసలు ప్రశ్న మొదలవుతుంది: మానిటర్లు ఏవి కొనాలి? యమహా హెచ్‌ఎస్5 ఆ, కేఆర్‌కే రోకిట్ ఆ, జేబీఎల్ 305 ఆ? అయిదంగుళాలా, ఎనిమిదంగుళాలా? ర్యామ్ ఎంత ఉండాలి అన్నట్టే అడుగుతారు, పెద్ద నంబరు వస్తే మంచిదన్న ధీమాతో.

నన్నడిగితే ముందు తేల్చుకోవాల్సింది వేరే ఉంది. మీరు చేసిన సౌండు చివరికి ఎక్కడ, దేంట్లోంచి వినబడుతుంది? ఈ సంగతి మన కృష్ణా డెల్టా చరిత్ర చెప్పినంత బాగా ఏ స్పెసిఫికేషన్ షీటూ చెప్పదు. కాబట్టి కాస్త వెనక్కి వెళ్దాం.

మైకు లేని రోజుల్లో మన వైపు పాట ఆరుబయట పాట. కూచిపూడి భాగవతులు రాత్రిపూట ఊరి మధ్యలో ఆడేవాళ్ళు. పద్యనాటకాలు పాకల్లో, పందిళ్ళలో తెల్లవార్లూ సాగేవి. చివరి వరసలో, చాప మీద సగం నిద్రలో ఉన్న మనిషిక్కూడా పద్యం అందాలి. అందుకని నటులు నాలుగు, అయిదు శ్రుతిలో ఎత్తుకుని రాగం సాగదీసేవాళ్ళు. దాన్ని అరుపు అని ఈ రోజు మనం నవ్వుకుంటాం గానీ అందులో ఇంజనీరింగ్ ఉంది. మనిషి చెవి 2,000 నుంచి 5,000 హెర్ట్జ్ మధ్య అన్నిటికంటే చురుగ్గా వింటుంది. బెల్ ల్యాబ్స్‌లో ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు 1933లో దీన్ని కొలిచి గ్రాఫులు గీశారు. మన స్టేజి నటులకి ఆ గ్రాఫుతో పనిలేకపోయింది. గొంతులోని శక్తినంతా ఆ పట్టీలోకి తోసేవాళ్ళు, అంతే.

తర్వాత మైకొచ్చింది. పాత కాంగ్రెసు సభల ఫోటోలు చూస్తే గాంధీ ముందో నెహ్రూ ముందో 'చికాగో రేడియో' అని రాసి ఉన్న మైకు కనబడుతుంది. పేరు చూసి అమెరికా సరుకనుకుంటాం, నిజానికది మోత్వానీ వాళ్ళ మన దేశపు కంపెనీ. 1940లో మొదలైన అహూజా ఆ తర్వాత ఊరూరా మైకుసెట్టుకి మారుపేరయింది. పెళ్ళికీ, శ్రీరామనవమి పందిరికీ, ఎలక్షనుకీ అదే హారన్. కొబ్బరిచెట్టుకో కరెంటు స్తంభానికో కట్టిన గరాటా.

మైకు వల్ల గొంతులూ మారాయి. అరవక్కర్లేదు. నెమ్మదిగా, కింది స్థాయిలో, చెవిలో చెప్పినట్టు పాడొచ్చు. అమెరికాలో బింగ్ క్రాస్బీ పాట నిలబడింది మైకు మీదే. మనకి ఆ పని చేసిపెట్టినవాడు ఘంటసాల. 1922 డిసెంబరు 4న గుడివాడ దగ్గర చౌటపల్లిలో పుట్టాడు. (దివి వైపు ఉన్న ఘంటసాల ఊరు వేరే, బౌద్ధస్తూపం ఉన్నది. ఈయనది ఇంటిపేరు.) విజయనగరంలో పట్రాయని సీతారామశాస్త్రిగారి దగ్గర శాస్త్రీయంగా నేర్చుకున్నాడు. 1942 ఉద్యమంలో జైలుకెళ్ళాడు. మద్రాసు చేరి రేడియోలో పాడాడు, 1945లో 'స్వర్గసీమ'లో పాడాడు. 1951 'పాతాళభైరవి' తర్వాత ఇక చెప్పక్కర్లేదు. పద్యం పాడినప్పుడు కూడా స్టేజి సాగతీత తీసేసి, మాట విడమర్చి, భావం అర్థమయ్యేంత వరకే రాగం పెట్టాడు. ఆరుబయట గొంతుకీ మైకు గొంతుకీ మధ్య వంతెన ఎవరైనా వేశారంటే ఈయనే అని నా అభిప్రాయం.

ఇక్కడ స్టూడియో వాళ్ళ సంగతి చెప్పాలి. 'మాయాబజార్' (1957) కాలంలో వాహినీలో ఎ.కృష్ణన్, శివరామ్ లాంటి వాళ్ళు శబ్దగ్రహణం చేసేవారు. గాయకుడూ ఆర్కెస్ట్రా ఒకేసారి పాడి, వాయించి ముగించాల్సిన రోజులవి. వయొలిన్ ఎక్కువైతే ఫేడర్ తగ్గించడం కాదు, వయొలిన్ ఆయన్నే రెండడుగులు వెనక్కి జరపాలి. తప్పు దొర్లితే మొత్తం మళ్ళీ. అన్‌డూ బటన్ లేని ప్రొడక్షన్ సర్వర్ మీద పనిచేయడం లాంటిది :)

వాళ్ళకి మనకంటే ఒక విషయంలో మాత్రం పని సులువు. ఆ పాట ఎక్కడ మోగుతుందో వాళ్ళకి కచ్చితంగా తెలుసు. సినిమా హాల్లో, తెర వెనక పెద్ద హారన్ స్పీకర్లోంచి. పాత సినిమా టైటిల్స్‌లో ఆర్‌సీఏ, వెస్ట్రెక్స్ అని పేర్లు పడేవి గుర్తుందా? ఆ అమెరికా పరికరాల వెనక ఒక లెక్క ఉంది. ఫిల్ము మీది ఆప్టికల్ సౌండులో గరగర ఎక్కువ. అందుకని హాల్లో పై ఫ్రీక్వెన్సీలని బాగా కోసేవాళ్ళు. హాలీవుడ్‌లో 1938లో దీన్ని ఒక ప్రమాణంగా పెట్టుకున్నారు, దాన్ని అకాడమీ కర్వ్ అంటారు. 8,000 హెర్ట్జ్ దగ్గరికొచ్చేసరికి దాదాపు 18 డెసిబెల్స్ కోత. హాలు ఎలాగూ కోస్తుందని తెలిసి రికార్డింగులో ముందే పైవైపు కాస్త పెంచి పెట్టేవాళ్ళు.

కొత్త మానిటర్లు కొన్న రోజున పాత సినిమా పాట పెట్టి "ఇదేంటి కీచుమంటోంది, మా నాన్న రేడియోలో ఎంత బావుండేది!" అని నిరుత్సాహపడేవాళ్ళకి ఇదీ జవాబు. మీ మానిటర్ చెడ్డది కాదు, పాటా చెడ్డది కాదు. అవతల కొస మారిపోయింది. సినిమా ప్రింటు నుంచి తీసిన పాట ఫ్లాట్‌గా ఉన్న స్పీకర్లో పెడితే, కోయాల్సిన వాడు లేక, పెంచినదంతా చెవిలో గుచ్చుకుంటుంది. ఇది తెలియకుండా 'రీమాస్టర్' అని పేరుపెట్టి కింద బేస్ అతికించి, పైన ఇంకా మెరుపు పూసి వదిలే వాళ్ళని చూస్తే ఒళ్ళు మండుతుంది. పాత ఇంటిగోడకి డిస్టెంపర్ కొట్టినట్టుంటుంది.  చాలామంది పిల్లలు ఘంటసాలని మొదటిసారి వినేది ఆ అతుకుల బొంతలోనే.

విజయవాడ రేడియో కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది. దాంతో అవతల కొస ఇంకోలా మారింది. మీడియం వేవ్‌లో సుమారు 5,000 హెర్ట్జ్ పైన ఏమీ రాదు, ట్రాన్సిస్టర్లోంచి కింద బేస్ ఉండదు. అయినా భక్తిరంజనిలో, సంక్షిప్త శబ్దచిత్రంలో ఒక్క మాట కూడా పోయేది కాదు.

అన్నిటికంటే గట్టి పరీక్ష భగవద్గీతది. ఘంటసాల 1974 ఫిబ్రవరి 11న పోయారు, గీత రికార్డు ఆయన పోయాకే అదే ఏడాది బయటికొచ్చింది. తర్వాత డెల్టాలో ఏ గుడి మీద హారన్ విన్నా అదే. తెల్లవారుఝామున పొలం గట్ల మీదుగా మైలు దూరం నుంచి వినబడేది. అంత్యక్రియల్లోనూ అదే పెట్టడంతో, వేళకాని వేళ గీత వినబడితే "ఎవరు పోయారో" అని జనం గుమ్మంలోకి వచ్చే పరిస్థితి వచ్చింది. ఆ చిన్న హారన్ 300 హెర్ట్జ్ కింద దాదాపు ఏమీ పలకదు. మగవాడి గొంతు అసలు మూలం 100, 150 హెర్ట్జ్ దగ్గరుంటుంది. అంటే గొంతు పునాది మొత్తం ఆ గరాటాలో మాయం. అయినా అది గంభీరంగానే వినిపిస్తుంది. ఎందుకంటే పైనున్న హార్మోనిక్స్ విని మన మెదడు లేని పునాదిని తానే కట్టుకుంటుంది. మధ్య భాగం శుభ్రంగా ఉంటే చాలు.

హారన్‌ని వెక్కిరించేవాళ్ళకి ఇంకో మాట. 1977 నవంబరు 19న దివిసీమ మీద ఉప్పెన వచ్చింది. ప్రభుత్వ లెక్క ప్రకారమే పదివేల మంది దాకా పోయారు. ఇప్పుడు తుఫాను వస్తోందంటే నాగాయలంక, కోడూరు వైపు మైకు కట్టిన వాహనం తిరుగుతుంది. ఆ గాలి హోరులో "ఖాళీ చేయండి" అన్న మాట జనానికి అర్థం కావాలి. ఆ పని సబ్‌వూఫర్ చేయలేదు.

పాశ్చాత్య స్టూడియోల వాళ్ళూ చివరికి ఈ దారికే వచ్చారు. ఆరాటోన్ అనే చిన్న డబ్బా, అయిదంగుళాల ఒకే ఒక కోన్. పైనా లేదు, కిందా లేదు. వినేవాడి కారు రేడియో, టీవీ ఇలాగే ఉంటాయని దాన్ని కన్సోల్ మీద పెట్టుకున్నారు. మైకేల్ జాక్సన్ 'థ్రిల్లర్' (1982) మిక్స్ చేసిన బ్రూస్ స్వీడియన్ దాని మీద ఎక్కువ పనిచేశాడు. యమహా ఎన్‌ఎస్-10ది ఇంకా తమాషా కథ. 1978లో ఇంట్లో పాటలు వినడానికని వదిలారు, ఆ పనికి పెద్దగా మెప్పు రాలేదు. స్టూడియోల వాళ్ళు పట్టుకున్నారు. ట్వీటర్ మరీ గుచ్చుతోందని టిష్యూ కాగితం అంటించి మరీ వాడారు! మధ్యలో తప్పులుంటే ముఖం మీద చెప్పేది. దాని రహస్యమేంటని సౌతాంప్టన్ విశ్వవిద్యాలయం వాళ్ళు 2001లో పరిశీలిస్తే, మూసిన పెట్టె కావడంతో కింది స్వరాలు సాగకుండా టక్కున ఆగిపోతాయని తేలింది. యమహా దాన్ని ఆపేసింది కూడా 2001లోనే. హెచ్‌ఎస్ సిరీస్‌లో తెల్లకోను దాని జ్ఞాపకమే, లోపల స్పీకరు మాత్రం వేరు.

సరే, మన గదికొద్దాం. మన ఇళ్ళలో ఇలాంటి పనికి దొరికేది పది బై పన్నెండు గది, పదడుగుల ఎత్తున స్లాబు, కింద టైల్స్. శబ్దం వేగాన్ని గది పొడవుకి రెట్టింపుతో భాగించండి. పన్నెండడుగులకి 47 హెర్ట్జ్ వస్తుంది, పదడుగులకి 56. వెడల్పూ ఎత్తూ రెండూ పదే కాబట్టి 56 రెండుసార్లు పడుతుంది. డీజే పాటల్లో కిక్ డ్రమ్ ఉండేది సరిగ్గా అక్కడే. ఎనిమిదంగుళాల మానిటర్ (హెచ్‌ఎస్8 అయితే 38 హెర్ట్జ్ దాకా దిగుతుంది) తెచ్చి గోడకానించి పెడితే గది గుమ్మటంలా మోగుతుంది. బేస్ ఎక్కువుందని మీరు తగ్గిస్తారు. అదే పాట పెళ్ళి ఊరేగింపులో పెద్ద బాక్సుల్లో పెడితే పీలగా ఉంటుంది. 54 దగ్గర ఆగిపోయే హెచ్‌ఎస్5 లాంటి అయిదంగుళాలది ఆ గదిలో తక్కువ అబద్ధం చెబుతుంది.

కాబట్టి నా లెక్కలో బడ్జెట్ సగం స్పీకర్లకి, మిగతాది గదికి. మూలల్లో మందంగా రాక్‌వూల్ పలకలు, లేదా కనీసం పాత పత్తి పరుపులు. (వరిగడ్డి మోపులు కూడా పనిచేస్తాయి గానీ ఎలకల సంగతి మీరు చూసుకోండి.) మానిటర్లు, మీ తల కలిపి సమబాహు త్రిభుజం, ట్వీటర్ చెవి ఎత్తులో. ఊళ్ళో పాత ఇల్లయితే ముందు ఎలక్ట్రీషియన్ని పిలిచి ఎర్తింగ్ చూపించుకోండి. హమ్ వస్తోందని స్పీకర్లు మార్చుకుంటూ పోయేవాళ్ళున్నారు. బందరు ఉప్పుగాలికి కనెక్టర్లు తుప్పు పడతాయి కాబట్టి వాడనప్పుడు కప్పి ఉంచాలి. గట్టిగా పెట్టాల్సిన పనే లేదు. 2000 నాటి శబ్దకాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్సే హద్దు. పక్కింటివాళ్ళు అంత లెక్కగా కొలవరు గానీ తలుపు మాత్రం కొడతారు.

డీజే ప్రాక్టీసు వరకే అయితే ఇంత కూడా అక్కర్లేదు. మంచి క్లోజ్డ్ హెడ్‌ఫోను, ఏదో ఒక అయిదంగుళాల జత సరిపోతాయి. సొంతంగా రీమిక్సులు చేసేవాళ్ళకీ, ఇంట్లో పాత క్యాసెట్లు కంప్యూటర్లోకి ఎక్కించేవాళ్ళకీ మాత్రం మానిటర్ పక్కన రెండో కొస తప్పనిసరి. దానికి వేరే డబ్బు పెట్టక్కర్లేదు, మీ జేబులోనే ఉంది. ఫోను స్పీకరు కూడా కింద ఏమీ పలకదు, గుడి మీది హారన్‌కి దగ్గరి చుట్టం. మన వైపు ఇప్పుడు పాటలు ఎక్కువగా మోగేది అందులోనే, తర్వాత ఆటోల్లో.

స్పీకర్లు వచ్చిన రోజున మొదట పాట పెట్టకండి. 40 నుంచి 120 హెర్ట్జ్ దాకా మెల్లగా పాకే ఒకే స్వరం పెట్టి కుర్చీలో కూర్చోండి. ఎక్కడ ఉబ్బుతుందో, ఎక్కడ మాయమవుతుందో కాగితం మీద రాసుకోండి. కుర్చీ అడుగు ముందుకి జరిపి మళ్ళీ వినండి. ఆ తర్వాత గీత పెట్టి, ముందు మానిటర్లో, తర్వాత ఫోనులో, వంటింట్లో ఉన్నవాళ్ళకి మాటలు తెలుస్తున్నాయా అని అడగండి.