మందును పట్టి, మెల్లగా విడిచే మట్టి పొరలు

భోపాల్‌పట్నం: ఇంద్రావతి గోదావరిలో కలిసే చోటికి చేరువలో, తెలంగాణ సరిహద్దున ఉన్న భోపాల్‌పట్నం ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూర్ జిల్లాకు చెందినది. ఇక్కడ తెలుగు మాట్లాడేవారు తరతరాలుగా ఉన్నారు. బస్తర్ ప్రాంతమంతటికీ మలేరియా చిరకాల సమస్య. 2020 జనవరిలో రాష్ట్ర ప్రభుత్వం ‘మలేరియా ముక్త్ బస్తర్’ పేరిట ఇంటింటి రక్తపరీక్షలను ప్రారంభించింది. అయితే అసలు కష్టం పరీక్ష తరువాతనే ఎదురవుతుంది. వైవాక్స్ మలేరియా తిరగబెట్టకుండా ఉండాలంటే ప్రిమాక్విన్ మాత్రలను 14 రోజులు వాడవలసి ఉంటుంది. జ్వరం మాత్రం రెండు మూడు రోజుల్లోనే తగ్గుముఖం పడుతుంది. తగ్గిన జ్వరానికి మందెందుకని మానేసేవారు ఏ ఊరిలోనైనా ఉంటారు.

మందును శరీరంలోకి ఒక్కసారిగా కాక కొద్దికొద్దిగా విడుదల చేయించే మార్గాలను శాస్త్రవేత్తలు వెదకడానికి ఇటువంటి ఇబ్బందులు ఒక కారణం. ఆ మార్గాలలో పొరల నిర్మాణం గల ఖనిజాలు ఒకటి.

వీటిని అర్థం చేసుకోవడానికి తెలుగువారికి ప్రయోగశాల అక్కరలేదు. వానకు ఉబ్బి, ఎండకు నెర్రెలు విచ్చే నల్లరేగడిని చూస్తే చాలు. అందులో సమృద్ధిగా ఉండే బంకమన్ను జాతి ఖనిజాలలో ముఖ్యమైనది మాంట్‌మొరిల్లొనైట్. ఫ్రాన్సులోని మాంట్‌మొరిల్లాన్ పట్టణం పేరే దానికి వచ్చింది. రెండు సిలికా పలకల నడుమ ఒక అల్యూమినా పలక చేరి ఒక పొర అవుతుంది. దాని మందం సుమారు 1 నానోమీటరు. కొన్నిచోట్ల అల్యూమినియం స్థానంలో మెగ్నీషియం చేరడం వల్ల పొరకు రుణావేశం వస్తుంది. దానిని సరిపెట్టడానికి సోడియం, కాల్షియం అయాన్లు పొరల నడుమ నిలుస్తాయి. నీరు ఈ సందులోకే చొరబడి మట్టిని ఉబ్బిస్తుంది. ధనావేశం గల మందు అణువు కూడా సోడియాన్ని పక్కకు నెట్టి అదే సందులో కూర్చుంటుంది. తరువాత జఠరరసంలోని హైడ్రోజన్ అయాన్లు, పేగులలోని సోడియం అయాన్లు దానిని క్రమంగా బయటికి పంపుతాయి.

పొరలున్న ప్రతి ఖనిజమూ ఇందుకు పనికిరాదు. గూడూరు ప్రాంతపు అభ్రకం పొరలుపొరలుగా విడివడుతుంది. కానీ దాని పొరల ఆవేశం చాలా ఎక్కువ కావడంతో నడుమనున్న పొటాషియం కదలదు, ఖనిజం ఉబ్బదు. ఆవేశం మరీ తక్కువైనా మందు నిలవదు. మాంట్‌మొరిల్లొనైట్ ఈ రెంటికీ నడుమ ఉంది.

గుజరాత్‌లోని భావ్‌నగర్‌లో ఉన్న కేంద్ర లవణ, సముద్ర రసాయనాల పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు 2009లో టిమొలాల్ మేలియేట్ అనే మందును ఈ పొరలలో నింపి, విడుదల తీరును పరిశీలించారు. తరువాత మలేరియా మందు క్వినైన్‌ను సైతం కైటోసాన్ అనే జీవ పాలిమర్‌తో కలిపిన మాంట్‌మొరిల్లొనైట్‌లో బంధించి చూశారు. ఇవి ప్రయోగశాల ఫలితాలు; రోగులపై చికిత్సలు కావు.

రుణావేశం గల మందులకు మరో తరగతి పదార్థాలు కావాలి. హైడ్రోటాల్సైట్‌లో జరిగేది సరిగ్గా తలకిందులు: మెగ్నీషియం స్థానంలో అల్యూమినియం చేరి పొరకు ధనావేశం వస్తుంది. ఐబుప్రొఫెన్, డైక్లొఫెనాక్ వంటివి అయాన్ల రూపంలో ఆ నడుమ ఇముడుతాయి. తయారీలో చిన్న చిక్కుంది. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ నీటిలో కరిగి కార్బొనేట్‌గా మారితే అది పొరలను గట్టిగా పట్టుకొని మందుకు చోటివ్వదు. అందుకే మరిగించి చల్లార్చిన నీటిని, నైట్రోజన్ వాయువును వాడతారు. మరో సంగతి, హైడ్రోటాల్సైట్ ఆమ్లంలో కరిగిపోతుంది. ఆమ్లపిత్తానికి మందుగా ఉపయోగపడేది ఆ గుణం వల్లనే. మందు పేగుల దాకా చేరాలంటే మాత్రం ఆమ్లానికి లొంగని పైపూత తప్పనిసరి.

మట్టిలో చిక్కిన మందంతా తిరిగి వస్తుందన్న హామీ లేదు. కొంత భాగం పొరల మధ్యనే నిలిచిపోవచ్చు. సహజ బంకమన్నులో సీసం వంటి లోహాల జాడలు కూడా ఉంటాయి. విరేచనాలకు వాడే డయోస్మెక్టైట్‌ను ఇదే కారణంగా రెండేళ్లలోపు పిల్లలకు ఇవ్వవద్దని ఫ్రాన్సు ఔషధ నియంత్రణ సంస్థ 2019లో సూచించింది.

ఇంతకూ ఈ పొరలు 14 రోజుల మోతాదును ఒక్క మాత్రగా మార్చగలవా? నోటి ద్వారా తీసుకున్నది ఒకటి రెండు రోజుల్లో పేగులను దాటిపోతుంది. కనుక ఇవి విడుదలను గంటల మేరకే పొడిగించగలవు, వారాల మేరకు కాదు. ఒకే మోతాదుతో సరిపోయే టఫెనొక్విన్‌కు 2018లో అమెరికా అనుమతి లభించింది. అయితే అది వాహకం సాధించిన ఫలితం కాదు. ఆ అణువే రక్తంలో రోజుల తరబడి నిలుస్తుంది. జీ6పీడీ ఎంజైమ్ లోపం ఉన్నవారిలో ఈ జాతి మందులు ఎర్ర రక్తకణాలను దెబ్బతీస్తాయి. ప్రిమాక్విన్ అయితే మరునాడే ఆపవచ్చు. శరీరంలో నిలిచిపోయే మందును వెనక్కి తీయడం సాధ్యం కాదు కాబట్టి, టఫెనొక్విన్ ఇచ్చే ముందు ఆ ఎంజైమ్ పరీక్ష తప్పనిసరి.