బెజవాడ తీర్మానం, సీమ సందేహం

1914లో బెజవాడలో న్యాపతి సుబ్బారావు అధ్యక్షతన కూడిన రెండవ ఆంధ్ర మహాసభ, తెలుగు జిల్లాలకు ప్రత్యేక రాష్ట్రం కావాలని తీర్మానించింది. ఆ రాష్ట్రం కళ్ళబడింది 1953 అక్టోబరు 1న. మధ్యలో గడిచిన ముప్పై తొమ్మిదేళ్ళకు తెల్లదొరల ఉదాసీనతనూ మద్రాసు నాయకుల మొండిపట్టునూ కారణంగా చెప్పుకోవడం కోస్తాలో అలవాటు. అందులో నిజం లేకపోలేదు. కానీ అన్నిటికన్నా మొండి అడ్డంకి తెలుగువాళ్ళ మధ్యనే ఉందనీ, దాని వేళ్ళు కృష్ణా డెల్టా సౌభాగ్యంలోనే ఉన్నాయనీ నా వాదన. ఈ మాట డెల్టాలోనే ముందుగా ఒప్పుకోవాలి.

సర్కారు జిల్లాల్లో ఎక్కువ భాగం 1760ల్లో కంపెనీ చేతికి వస్తే, ఇప్పటి రాయలసీమ కూడా ఉన్న దత్తమండలాలను నిజాం 1800లో అప్పగించాడు. పాలకులు ఒకరే అయినా రెండు సీమల రాత ఒకటి కాలేదు. 1832-33 నాటి నందన కరువులో గుంటూరు సీమ వల్లకాడయింది. ఆ తరవాత ఇంద్రకీలాద్రికీ సీతానగరం కొండకూ నడుమ 1855 నాటికి ఆనకట్ట లేచింది. కాలవల కింద వరి పండింది, వరితో రొక్కం వచ్చింది, రొక్కంతో బందరులో, గుంటూరులో, బెజవాడలో చదువులు పెరిగాయి, ప్లీడర్లు, పత్రికలు వచ్చాయి. మరి 1876-78 నాటి ధాత కరువు బళ్ళారి, కర్నూలు, కడప సీమలను తుడిచిపెట్టినప్పుడు అక్కడ అంతటి రక్ష లేదు. ఆంధ్రోద్యమాన్ని ముందుకు నడిపిన కొండా వెంకటప్పయ్య, పట్టాభి సీతారామయ్య, ముట్నూరి కృష్ణారావు వంటివారు ఎక్కువగా కృష్ణా, గుంటూరు జిల్లాలవారే కావడం కాకతాళీయం కాదు. రాష్ట్రం వస్తే పెత్తనం కూడా ఆ జిల్లాలదే అవుతుందని దత్తమండలాలు భయపడ్డాయంటే, ఆ భయానికి కళ్ళెదుటే సాక్ష్యం ఉంది. 1913లో బాపట్ల సభ తీర్మానాన్ని వాయిదా వేసి, దత్తమండలాలకూ గంజాం, విశాఖలకూ నచ్చజెప్పడానికి నాయకులను పంపవలసి వచ్చింది ఇందుకే.

అసలు అడ్డు బయటివారిదే కదా అని వాదించేవారు ఉంటారు. బయటి అడ్డు ఎలా ఉంటుందో మంగోలుల కథ చూపుతుంది. ఆ కాలంలోనే వారు కూడా ఏకం కావాలనుకున్నారు. 1911లో స్వాతంత్ర్యం ప్రకటించుకున్నా, 1915లో రష్యా, చైనాలతో కుదిరిన క్యాఖ్తా ఒప్పందం వారి ఆశను ఉత్తర భాగానికే, అదీ చైనా ఆధిపత్యం కింద, పరిమితం చేసింది. పెద్ద రాజ్యాల నడుమ నలిగిన జాతి కథ అది. మనకూ 1949లో కాంగ్రెస్ వేసిన జేవీపీ కమిటీ మద్రాసు నగరాన్ని వదులుకుంటేనే రాష్ట్రం అంది. పొట్టి శ్రీరాములు ప్రాణం పోతే గాని ఢిల్లీ కదలలేదు. అయినా మద్రాసు పేచీ చివరి దశది. అంతకుముందే, 1926లో బెజవాడ కేంద్రంగా పుట్టిన ఆంధ్ర విశ్వవిద్యాలయం ఎక్కడ ఉండాలన్న తగవు తెగలేదు. అది వాల్తేరు చేరింది, దత్తమండలాల కళాశాలలు తిరిగి మద్రాసు విశ్వవిద్యాలయం కిందికి వెళ్ళాయి. ఆ తగవులో తమిళుల ప్రమేయం ఏముంది?

సీమ నాయకులు మద్రాసులో తమ పలుకుబడి కోసమే అడ్డుపడ్డారన్నది ఇంకో ఆక్షేపణ. కొందరి విషయంలో అది నిజం కావచ్చు. అయితే 1937 నవంబరు 16న మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు ఇల్లు శ్రీబాగ్‌లో కుదిరిన ఒడంబడిక చూస్తే వాళ్ళు అడిగినవి పదవులు కావు. తుంగభద్ర, కృష్ణ, పెన్న నీళ్ళలో రాయలసీమకూ నెల్లూరుకూ పదేళ్ళపాటు మొదటి హక్కు, అనంతపురంలో విశ్వవిద్యాలయ కేంద్రం, రాజధాని, హైకోర్టుల్లో కోరుకున్నది సీమకు. మాట కాగితం మీదికి వచ్చాకే సీమ నాయకులు చాలామంది ఉద్యమంలో కలిసి నడిచారు. 1953లో విజయవాడ–గుంటూరు ప్రాంతమే రాజధాని కావాలని కమ్యూనిస్టులు పట్టుబట్టినా కర్నూలుకే దక్కిందంటే ఆ కాగితం బలమే. మూడేళ్ళలోనే హైదరాబాదు రాజధాని కావడంతో కర్నూలు చేతిలో ఏమీ మిగల్లేదు.

తెలంగాణ విషయంలోనూ ఇదే జరిగింది. విశాలాంధ్ర కావాలన్న కోరిక అక్కడా ఉంది. చదువులో ముందున్న కోస్తావారు ఉద్యోగాలు పట్టుకుపోతారన్న భయమూ ఉంది. 1952 ముల్కీ ఆందోళన ఆ భయం నుంచి పుట్టిందే. 1955లో రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణకు వేసిన ఫజల్ అలీ సంఘం కృష్ణా, గోదావరి జలాలపై తెలంగాణ ఆందోళనను గుర్తించి, ఆ ప్రాంతాన్ని కొంతకాలం విడిగా ఉంచమంది. 1956 ఫిబ్రవరిలో పెద్దమనుషుల ఒప్పందం కుదిరాకే కలయిక సాధ్యమైంది. దాని అమలుపై నమ్మకం సడలాక 1969 ఉద్యమం వచ్చింది, 2014 విభజన వచ్చింది.

భాష ఒక్కటైతే మనసులు ఒక్కటవుతాయని 1914 నాటి పెద్దలు నిజాయితీగా నమ్మారు. భాష మనుషులను దగ్గరికి తెస్తుంది, కలిపి ఉంచేది మాత్రం పంపకంలో న్యాయం. శ్రీబాగ్‌కైనా, పెద్దమనుషుల ఒప్పందానికైనా లోపం రాతలో లేదు. మాట తప్పినవారిని నిలదీసే అధికారం ఎవరికీ లేకపోవడమే లోపం. నేటికీ రాజధాని, కృష్ణా జలాల చర్చ లేచినప్పుడల్లా శ్రీబాగ్ పేరు వినిపిస్తుంది. అది పాత పగ అని డెల్టా కొట్టిపారేయకూడదు. నీరు ముందుగా అందుకున్నవారే హామీ ముందుగా ఇవ్వాలి, ఆ హామీకి చట్టం కాపలా ఉండాలని కూడా వారే అడగాలి.