కర్ణాటక మిషన్ నుండి లౌదాతో సీ వరకు: చిత్తూరు సీమ నేపథ్యంలో కతోలిక ప్రకృతి దృష్టి

మానవునికి ప్రకృతిపై ఆధిపత్యం కల్పించిన క్రైస్తవ దృష్టిలోనే పర్యావరణ సంక్షోభానికి మూలాలున్నాయని చరిత్రకారుడు లిన్ వైట్ 1967లో వాదించాడు. ఈ వాదాన్ని తిరుపతి, చిత్తూరు ప్రాంతాల కతోలిక చరిత్ర నేపథ్యంలో పరిశీలించవలసి ఉంది.

1598లో ఏసుసభ గురువులు చంద్రగిరిలో అరవీటి రెండవ వేంకటపతిరాయలను దర్శించారు. రాయలు శ్రీవేంకటేశ్వరుని భక్తుడు. వైష్ణవ సంప్రదాయంలో శేషాచలం ఆదిశేషుని రూపం, కనుక కొండే పూజ్యం. కతోలిక వేదాంతంలో కొండ దైవం కాదు, దైవసృష్టి. ఈ రెండు దృష్టుల మధ్య భేదం మౌలికమైనది.

18వ శతాబ్ది ఆరంభంలో ఫ్రెంచి ఏసుసభ వారి కర్ణాటక మిషన్ పుంగనూరుకు విస్తరించింది. అంతకు శతాబ్దం ముందు మదురైలో రోబెర్తో దె నోబిలి అనుసరించిన మార్గంలోనే ఈ గురువులు సన్న్యాసివేషం ధరించి మాంసాహారం మానుకున్నారు. దీనిని జీవకారుణ్యంగా భావించడం చారిత్రకంగా పొరపాటు. అగ్రవర్ణ సమాజంలో గౌరవం పొందడం, తపోజీవనాన్ని స్థానికులకు తెలిసిన రూపంలో చూపడం వారి ఉద్దేశం. ఆచారం ఒకటే అయినా దాని వెనుక భావం వేరు.

ప్రకృతి సంరక్షణ కతోలిక బోధనలో ప్రముఖస్థానం పొందింది ఇటీవలి కాలంలోనే. 1979లో రెండవ జాన్ పాల్ పోపు పునీత అస్సీసి ఫ్రాన్సిస్‌ను పర్యావరణ పాలకునిగా ప్రకటించారు. 2015లో ఫ్రాన్సిస్ పోపు ‘లౌదాతో సీ’ విశ్వలేఖ వెలువరించారు. ఆదికాండములోని ఏలుబడిని దోపిడీకి అనుమతిగా చదవరాదనీ, తోటను సాగుచేసి కాపాడే బాధ్యతతో కలిపి చదవాలనీ అందులో వివరించారు. భూమి ఆక్రందననూ పేదల ఆక్రందననూ కలిపి వినాలన్నది దాని సారాంశం.

ఈ బోధనకు శేషాచలంలో ప్రత్యేక ప్రాసంగికత ఉంది. 2010లో జీవావరణ రిజర్వుగా గుర్తింపు పొందిన ఈ అడవుల్లో ఎర్రచందనం అక్రమ రవాణాకు గురవుతోంది. చెట్టు నరికే కూలీ పేదవాడు, లాభం పొందేవాడు వేరొకడు. అడవి నష్టాన్ని, కూలీ దుస్థితిని విడదీసి చూడరాదన్న విశ్వలేఖ దృష్టి ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది.

కనుక లిన్ వైట్ విమర్శ ఏలుబడి అనే భావానికి వర్తించినా, కతోలిక సంప్రదాయం మొత్తానికి వర్తించదు. అదే సమయంలో పుంగనూరు గురువుల శాకాహారాన్ని నేటి పర్యావరణ చింతనకు పూర్వరూపంగా చూపడమూ సమంజసం కాదు. కొండను పూజ్యంగా భావించేవారికీ, సృష్టిగా గౌరవించేవారికీ సిద్ధాంతంలో ఏకీభావం లేదు. సంరక్షణలో మాత్రం ఉమ్మడి భూమిక ఉంది.