కాపలా ఖర్చు

వంద గజాల స్థలం కొనాలంటే మనం ఎన్ని చూస్తాం! లింకు డాక్యుమెంట్లు, నాలుగు హద్దులు, సాక్షి సంతకాలు. మా దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ వైపు ఏ ఇద్దరు కలిసినా ఇవే కబుర్లు. మరి జిల్లాలకు జిల్లాలే చేతులు మారితే? అలాంటి కథ ఒకటి మా పక్కనే మొదలయింది.

ఆస్మాన్‌గఢ్ గుట్టమీద ఫ్రెంచి సేనాని రేమండ్ సమాధి ఉంది. రెండో నిజాం అలీఖాన్ సైన్యానికి తర్ఫీదు ఇచ్చినవాడాయన. "ముస్యే రేమండ్" జనం నోట మూసారాం అయ్యాడు, మూసారాంబాగ్‌కు పేరయ్యాడు. 1798 మార్చిలో ఆయన పోయాడు. సెప్టెంబరు 1న ఇంగ్లీషు కంపెనీ నిజాంతో ఒడంబడిక చేసుకుంది. ఫ్రెంచి పటాలాలు రద్దు. ఇకనుంచి కాపలా కంపెనీ సైన్యానిది. ఖర్చు మాత్రం నిజాముది, ఏడాదికి 24 లక్షల రూపాయల పైచిలుకు!

ఏటేటా అంత రొక్కం తియ్యడం ఎంత కష్టమో ఇల్లు నడిపే మనకు ఒకరు చెప్పాలా? కంపెనీకీ రొక్కం కంటే భూమే నమ్మకంగా కనిపించింది. 1800 అక్టోబరు 12న మరో ఒడంబడిక జరిగింది. సైన్యాన్ని పెంచారు. దాని ఖర్చు కింద బళ్ళారి, అనంతపురం, కడప సీమలు కంపెనీకి వెళ్ళిపోయాయి. మైసూరు యుద్ధాల తర్వాత, 1792లోనూ 1799లోనూ, నిజాం వాటాకు వచ్చిన భూములే అవి. కంచే చేను మేయడమంటే ఇదే కాదూ!

1867లో రష్యా అలాస్కాను అమెరికాకు 72 లక్షల డాలర్లకు అమ్మింది. అక్కడ సొమ్మయినా చేతికొచ్చింది. నిజాముకు దక్కింది కాపలా ఒక్కటే. అయితే రెండుచోట్లా ఆ నేలమీద బతికేవాళ్ళను "మీకిష్టమేనా?" అని అడిగినవాళ్ళు లేరు. మనం స్థలం కొనేటప్పుడు అందులో అద్దెకున్నవాళ్ళకైనా ఒక మాట చెబుతాం.

అలా ఇచ్చేసిన సీమకు "దత్తమండలాలు" అని పేరు పడింది. ఆ పేరు మోయడం అక్కడివాళ్ళకు ఎంత చిన్నతనమో ఆలోచించండి. 1928లో నంద్యాల సభలో చిలుకూరి నారాయణరావుగారు "రాయలసీమ" అన్నారు. ఇచ్చినవాడి లెక్క పోయి, ఏలిన రాయల తలపు వచ్చింది. జనం ఆ పేరునే గుండెకు హత్తుకున్నారు.

సినిమా పంపిణీవాళ్ళు మాత్రం వసూళ్ళ లెక్కల్లో ఇప్పటికీ "సీడెడ్" అనే రాస్తారు. పత్రికలో ఆ మాట కనబడితే నాకు సినిమా కంటే ముందు ఆ కాపలా ఖర్చే గుర్తుకొస్తుంది.