మళ్ళీ చూసిన 'చిత్రం'

పోయిన ఆదివారం నరసరావుపేటలో మా ఇంట్లో కూర్చుని, ఫోన్‌లో 'చిత్రం' సినిమా మళ్ళీ చూశాను. చిన్నప్పుడు అది టీవీలో ఎప్పుడొచ్చినా వదిలేవాణ్ణి కాదు. పడీ పడీ నవ్వేవాణ్ణి. ఈసారి మాత్రం సగంలో ఆపేశాను. ఎందుకో చెప్తా వినండి.

ముందు కొంచెం చరిత్ర. 'చిత్రం' 2000 జూన్ 16న రిలీజైంది. కెమెరామన్‌గా పనిచేసిన తేజకి దర్శకుడిగా ఇదే మొదటి సినిమా. ఉదయ్ కిరణ్‌కీ, రీమా సేన్‌కీ కూడా ఇదే మొదటిది. నిర్మాత రామోజీరావు, సంగీతం ఆర్పీ పట్నాయక్. పేరున్న హీరో లేకుండానే పెద్ద హిట్టయింది. మరుసటి ఏడాది తేజ, ఉదయ్ కిరణ్ కలిసి 'నువ్వు నేను' చేశారు. అక్కణ్ణించి కాలేజీ ప్రేమకథలు వరసకట్టాయి.

కథ మీకు తెలిసిందే. ఇంటర్ చదివే రమణ, జానకి ప్రేమించుకుంటారు. జానకి గర్భవతి అవుతుంది. పెళ్లవుతుంది, బిడ్డ పుడుతుంది. ఒక పక్క పాలసీసా, ఇంకో పక్క పుస్తకాలు. మాకు నవ్వొచ్చింది అక్కడే.

ఇప్పుడు అసలు విషయానికొద్దాం. నేను గురజాల వైపు ఒక పల్లెలో పదో తరగతి చదివాను. మా క్లాసులో లెక్కల్లో ఎప్పుడూ ఫస్టొచ్చే అమ్మాయి ఒకామె ఉండేది. మిరపకోతలు అయిపోయాక, ఆ వేసవిలోనే ఆమెకి పెళ్లి చేశారు. మేం మగపిల్లలం "ఇంకేముంది, చిత్రం సినిమానే" అని జోకులేసుకున్నాం. ఆ అమ్మాయి ఇంటర్‌లో చేరలేదు. మాలో ఒక్కడు కూడా ఎందుకని అడగలేదు.

ఆడపిల్లకి 18, మగపిల్లాడికి 21 నిండాలని చట్టం 1978లోనే చెప్పింది. అంటే ఆ సినిమాలో పెళ్లి కూడా చట్టం లెక్కలో బాల్య వివాహమే. మరి ఇప్పటి పరిస్థితి? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 20 నుంచి 24 ఏళ్ల ఆడవాళ్లలో 29.3 శాతం మందికి 18 నిండకముందే పెళ్లయిపోయింది. దేశం మొత్తం మీద అది 23.3 శాతం. 15 నుంచి 19 ఏళ్ల అమ్మాయిల్లో 12.6 శాతం మంది అప్పటికే తల్లులో, గర్భిణులో. దేశ సగటుకి ఇది దాదాపు రెట్టింపు.

అట్లాగని సినిమాని తిట్టడానికి రాలేదు. నిజానికి అది ఒక మంచి మాట చెప్పింది: బిడ్డ పుట్టినా జానకి చదువు ఆగలేదు. చిన్నప్పుడు నేను ఇంటర్ పిల్లలకి బిడ్డ పుట్టడమే సినిమా కల్పన అనుకున్నా. కాదు. అది మా ఊళ్లో జరుగుతూనే ఉంది. ఆ తర్వాత అమ్మాయి మళ్ళీ పుస్తకం పట్టుకోవడమే మాకు సినిమాలో తప్ప కనపడలేదు.

మీ క్లాసులో ఎవరికైనా ఇట్లా పెళ్లి కుదిరిందని తెలిస్తే మాలాగా జోకులేసుకుని ఊరుకోకండి. 1098కి ఫోన్ చేయండి. డబ్బులు పడవు.

ఉంటా మరి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.