మలేరియాపై అంతర్జాతీయ సహకారం: సికింద్రాబాద్ నుంచి నేటి వరకు

మలేరియా క్రిమి దోమ ఒంట్లో పెరుగుతుందనడానికి తొలి ప్రత్యక్ష ఆధారం 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్ కంటోన్మెంటులో, బేగంపేట సైనిక ఆసుపత్రిలో దొరికింది. ఆ తర్వాత ఈ జ్వరం మీద దేశాలు చేతులు కలిపిన తీరు ఎన్నోసార్లు మారింది. రోగి రక్తమిచ్చిన చోటికి ఆ రక్తం వల్ల పుట్టిన జ్ఞానం, మందు తిరిగి చేరుతున్నాయా అన్నది మాత్రం నేటికీ తేలలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సంస్కరణల చర్చలో ఇప్పుడు ఈ ప్రశ్న కూడా ఉంది.

రోగాలపై దేశాల మధ్య చర్చలు 1851లో పారిస్ సమావేశంతో మొదలయ్యాయి. కలరా ఓడల్లో ఐరోపాకు రాకుండా చూడటం, క్వారంటైన్ వల్ల వ్యాపారం దెబ్బతినకుండా చూడటం వాటి ఉద్దేశం. 1897లో వెనిస్‌లో జరిగిన సమావేశం బొంబాయి ప్లేగు గురించి. మలేరియా ఆ బల్లల మీదికి రానే లేదు. అది ఓడెక్కి వచ్చే రోగం కాదు. చెరువుల కింద, మన్యంలో, సైనిక శిబిరాల్లో కాపురమున్న రోగం. దాని బాధితులు ఎక్కువగా వలస దేశాల పేదలు. ఆనాటి సహకారంలో ఇది లోపం కాదు, ఉద్దేశమే అంత.

అదే ఏడాది ఇండియన్ మెడికల్ సర్వీసు వైద్యుడు రోనాల్డ్ రాస్ బేగంపేటలో దోమలను కోసి చూస్తున్నాడు. మలేరియాకు దోమకు సంబంధం ఉండవచ్చని ఆయనకు 1894లో లండన్‌లో చెప్పినవాడు పాట్రిక్ మాన్సన్. ఆగస్టు ఎండలో, ఉక్కపోతలో పని. కోసిన దోమలు గాలికి ఎగిరిపోతాయని పంకా లాగించుకునేవాడు కాదు. నుదుటి చెమట కారి సూక్ష్మదర్శిని మరలు తుప్పు పట్టాయి. హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగి తెరలో పడుకుని, రెక్కల మీద మచ్చలున్న దోమలతో కుట్టించుకున్నాడు. దోమకు ఒక అణా చొప్పున కూలి ముట్టింది. ఆ దోమల్లో ఒకదాని పొట్ట గోడలో నల్లటి వర్ణకంతో నిండిన గుండ్రటి కణాలు కనిపించాయి. అది అనాఫిలిస్ జాతి దోమ. రాస్‌కు 1902లో నోబెల్ బహుమతి వచ్చింది. హుసేన్ ఖాన్‌కు వచ్చింది పది అణాలు. రాస్ శ్రమను తక్కువ చేయడానికి ఈ మాట చెప్పడం లేదు. ఆ పరిశోధనకు ఇద్దరి ఒళ్లూ అవసరమయ్యాయి, చరిత్ర ఒకరి లెక్కే రాసుకుంది.

ఈ ఫలితం డిసెంబరులో లండన్‌లోని బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో అచ్చయింది. 1898లో కలకత్తాలో పక్షుల మలేరియాపై పనిచేసి, క్రిమి దోమ లాలాజల గ్రంథులకు చేరుతుందని రాస్ నిరూపించాడు. మనుషుల మలేరియా విషయంలో ఆ చక్రాన్ని పూర్తిచేసింది ఇటలీలో గ్రాస్సీ బృందం. ఘనత ఎవరిదనే దానిపై ఇద్దరికీ ఏళ్ల తరబడి వైరం నడిచింది. రాస్, మాన్సన్‌లు మాత్రం ఖండాలు దాటి వందకు పైగా ఉత్తరాలు రాసుకున్నారు. ఆనాటి అంతర్జాతీయ సహకారం చాలావరకు ఇలా వ్యక్తుల మధ్యనే ఉండేది.

దాన్ని సంస్థల చేతికి తెచ్చింది నానాజాతి సమితి. దాని మలేరియా కమిషన్ 1924లో ఏర్పడి, 1929లో భారతదేశంలోనూ పర్యటించింది. 1948లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వచ్చింది. 1955లో మెక్సికో నగరంలో జరిగిన ఆరోగ్య మహాసభ మలేరియాను భూమి మీద లేకుండా చేయాలని తీర్మానించింది. ప్రధాన ఆయుధం ఇళ్ల గోడల మీద డీడీటీ.

భారత్‌లో ఆ కథ గొప్పగా మొదలైంది. 1953లో జాతీయ నియంత్రణ కార్యక్రమం పెట్టేనాటికి ఏటా 7.5 కోట్ల మంది జ్వరపడుతున్నారని, 8 లక్షల మంది చనిపోతున్నారని అంచనా. 1958లో దాన్ని నిర్మూలన కార్యక్రమంగా మార్చారు. మలేరియా కార్యకర్త ఇంటింటికీ తిరిగి, జ్వరమున్నవారి వేలు గుచ్చి గాజు పలక మీద రక్తపు చుక్క తీసుకునేవాడు. 1965కు కేసులు లక్షకు దిగాయి. తర్వాత అంతా తారుమారైంది. దోమలు డీడీటీకి తట్టుకున్నాయి. పండగకో పెళ్లికో గోడలు అలికి సున్నం వేస్తే మందు కింద పడిపోయేది. పల్లె ఇంటి ఈ అలవాటుకు పైనుంచి వచ్చిన ప్రణాళికలో చోటు లేదు. విదేశీ నిధులు తగ్గాయి. 1976లో 64 లక్షల కేసులు నమోదయ్యాయి. ఆఫ్రికాలో సహారాకు దిగువనున్న ప్రాంతాన్ని ప్రపంచ నిర్మూలన కార్యక్రమం దాదాపుగా వదిలేసింది. రోగం అత్యధికంగా ఉన్నది అక్కడే. 1969లోనే బోస్టన్‌లో జరిగిన ఆరోగ్య మహాసభ వ్యూహాన్ని మార్చుకుంది. ఒకే నమూనాను అన్ని నేలలకూ వర్తింపజేయడమే అసలు తప్పు.

తరువాతి దశ నిధులది. 2002లో ఎయిడ్స్, క్షయ, మలేరియాలపై గ్లోబల్ ఫండ్ ఏర్పడింది. దోమతెరలు, మంచి మందులు వచ్చాయి. శ్రీలంక 2016లో, చైనా 2021లో మలేరియా రహిత దేశాలుగా గుర్తింపు పొందాయి. అయినా 2023లో ప్రపంచంలో 26.3 కోట్ల కేసులు, 5.97 లక్షల మరణాలు ఉన్నట్టు ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. మరణాల్లో 95 శాతం ఆఫ్రికాలోనే. పైగా మన నగరాల ఓవర్‌హెడ్ ట్యాంకుల్లో, నీటి తొట్టెల్లో గుడ్లు పెట్టే అనాఫిలిస్ స్టిఫెన్సీ దోమ 2012లో జిబూటీలో కనిపించి, ఇథియోపియా, సూడాన్, నైజీరియాలకు పాకింది. పల్లె జ్వరం ఆఫ్రికా నగరాలకు చేరే ప్రమాదం ఇది. ఆ దోమతో దశాబ్దాలుగా కాపురం చేసిన భారత నగరాల అనుభవం ఆ దేశాలకు అందాలి. ఇంతవరకు అందింది తక్కువే.

సికింద్రాబాద్ నుంచి ఉత్తరంగా కరీంనగర్ రోడ్డు పట్టుకుని పోతే శామీర్‌పేట దాటాక జీనోమ్ వ్యాలీ వస్తుంది. తొలి మలేరియా టీకా ఆర్‌టీఎస్,ఎస్‌ను అందరికీ అందేలా తయారుచేసే బాధ్యతను, ఆ సాంకేతికతతో సహా, 2021లో బ్రిటిష్ సంస్థ గ్లాక్సోస్మిత్‌క్లైన్ ఇక్కడి భారత్ బయోటెక్‌కు అప్పగించింది. అదే ఏడాది అక్టోబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ టీకాను సిఫారసు చేసింది. 1897లో జ్ఞానం ఇక్కడి నుంచి లండన్‌కు వెళ్లింది. ఈసారి ఎదురు దిశలో వచ్చింది. నా దృష్టిలో ఈ శతాబ్దపు సహకారంలో నిజమైన మార్పు ఇదే.

కోవిడ్ ఆ మార్పు ఎంత పలుచనో చూపింది. 2020 అక్టోబరులో భారత్, దక్షిణాఫ్రికాలు టీకాల పేటెంట్లను తాత్కాలికంగా పక్కనపెట్టాలని ప్రపంచ వాణిజ్య సంస్థను కోరాయి. ఒప్పందం 2022 జూన్‌లో గానీ కుదరలేదు, అదీ కుదించిన రూపంలో. ఆ అనుభవం నుంచే 2025 మే 20న జెనీవాలో మహమ్మారి ఒప్పందం ఆమోదం పొందింది. వ్యాధికారక క్రిముల నమూనాలు పంచుకున్న దేశాలకు ప్రతిఫలం దక్కాలన్నది అందులో కీలకాంశం: మహమ్మారి వేళ తయారీ సంస్థలు తమ ఉత్పత్తిలో 20 శాతం ప్రపంచ ఆరోగ్య సంస్థకు కేటాయించాలన్నది లక్ష్యం. ఎలా పంచాలో చెప్పే అనుబంధాన్ని మాత్రం తర్వాతి చర్చలకు వదిలారు. హుసేన్ ఖాన్ పది అణాల లెక్క సరిచేయాల్సింది ఆ అనుబంధంలోనే.

డబ్బు చిక్కు వేరే ఉంది. 2025 జనవరిలో అమెరికా ప్రపంచ ఆరోగ్య సంస్థ నుంచి వైదొలగుతున్నట్టు ప్రకటించింది. జూన్‌లో పేద దేశాలకు టీకాలు కొనిచ్చే గావికి నిధులు ఆపుతామని చెప్పింది. అదే జూన్‌లో ఆర్‌టీఎస్,ఎస్ టీకా ధరను 2028 నాటికి ఐదు డాలర్ల లోపుకు తెస్తామని భారత్ బయోటెక్, గ్లాక్సోస్మిత్‌క్లైన్ ప్రకటించాయి.